నిదానం నలభై ఒకటోసారి ఇచ్చిన రక్తం

మా ఆసుపత్రి లిఫ్టు బాగుచేసే మెకానిక్‌ని అందరూ నిదానం అని పిలిచేవారు. ఎంత తొందరపెట్టినా అతని నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే. మూడో అంతస్తులో నర్సులు అరుస్తున్నా, కింద సూపరింటెండెంటు చిందులు తొక్కుతున్నా, స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని, "నిదానం సార్, నిదానం. నేను తొందరపడితే మీరందరూ ఒకేసారి కిందికి దిగుతారు" అనేవాడు. అసలు పేరు అతని కంపెనీ కార్డు మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

నేను అదే ఆసుపత్రి కింది అంతస్తులో, బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను. రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళని కూర్చోబెట్టి ఫారం నింపడం నా పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే బల్ల. నన్ను ఫారాలక్క అంటారు. నోరు కాస్త పెద్దదని కూడా అంటారు, అదీ నిజమే. మీసం మెలేసుకుంటూ వచ్చి సూది చూడగానే కళ్ళు తేలేసే మగవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిదానాన్ని మాత్రం పదేళ్ళలో ఒక్కసారే తిట్టాను. ఆ తిట్లలో సగం నాకు తగలాల్సినవి. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

అతను నాకు పరిచయమైంది కూడా లిఫ్టు వల్లే. ఒకరోజు మధ్యాహ్నం స్ట్రెచర్‌తో సహా లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయింది. లోపల కాలు నుజ్జయిన ఒక పెద్దావిడ. అతను మేడ మీద మోటారు గదిలోకెక్కి, చక్రాన్ని చేత్తో తిప్పి, అంగుళం అంగుళం చొప్పున దాన్ని పైకి తెచ్చాడు. తరవాత గ్రీజు చేతులతోనే మా కిటికీ దగ్గరికొచ్చి, "ఆవిడకి ఏ రక్తం కావాలంటున్నారు?" అని అడిగాడు. నీకెందుకు, నీ లిఫ్టు నువ్వు చూసుకో అన్నాను. "నాది ఓ నెగటివ్ అని కార్డు మీద రాశారక్కా. ఎవరికైనా పనికొస్తుందంట కదా" అన్నాడు. నేనే సబ్బిచ్చి చేతులు కడుక్కోమన్నాను. ఎంత కడిగినా గోళ్ళ చివర ఆ నలుపు పోలేదు. తరవాత పదేళ్ళలోనూ పోలేదు.

అప్పట్నించీ మూడు నెలలకోసారి, లిఫ్టు సర్వీసింగుకి వచ్చిన గురువారం, పని ముగించుకుని మా దగ్గరికొచ్చేవాడు. బూట్లు విప్పి మంచం కింద జతగా పెట్టేవాడు. పడుకుని పైకప్పు వంక చూస్తూ, ఫ్యాను శబ్దం విని, "బేరింగు పోతోందక్కా, చెప్పండి వాళ్ళకి" అనేవాడు. లేచాక మేమిచ్చే బిస్కట్ ప్యాకెట్ తినకుండా జేబులో పెట్టుకునేవాడు, ఇంట్లో ఇద్దరు కూతుళ్ళున్నారని. ఓ నెగటివ్ రక్తం దొరకడం కష్టం. రక్తం పోతూ వచ్చినవాళ్ళకి గ్రూపు చూసే తీరిక లేనప్పుడు ముందు తీసేది ఆ ప్యాకెట్నే. అందుకని మేమంతా అతన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళం.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఫారంలో పద్నాలుగు ప్రశ్నలుంటాయి. జ్వరం వచ్చిందా, పచ్చకామెర్లు వచ్చాయా, పచ్చబొట్టు వేయించుకున్నారా, ఇలా. తొమ్మిదోది కాస్త ఇబ్బందిపెట్టేది: ఈమధ్య కాలంలో కొత్తవారితో శారీరక సంబంధం ఏమైనా జరిగిందా? ప్రతి ప్రశ్ననీ పైకి చదవాలి, మనిషి ముఖం చూడాలి, జవాబు విన్నాకే గీత పెట్టాలి. అది రూలు. కొత్తవాళ్ళని అలాగే అడిగేదాన్ని. పాతవాళ్ళ దగ్గరికొచ్చేసరికి, వాళ్ళు బూట్లు విప్పేలోపు 'లేదు' గళ్ళలో పైనుంచి కిందికి పద్నాలుగు గీతలు టకటకా గీసేసేదాన్ని. ఇంటి మనిషిలాంటి వాణ్ణి పట్టుకుని తొమ్మిదో ప్రశ్న ఎలా అడుగుతాం? నా మర్యాద నాకు గొప్పగా ఉండేది.

నాకింకో గొప్ప కూడా ఉండేది, నా ఉపన్యాసం. రక్తదాన శిబిరం ఎక్కడ పెట్టినా మైకు నా చేతికే ఇచ్చేవారు. "రక్తమిస్తే పరీక్షలన్నీ ఉచితం. ఏదైనా తేడా ఉంటే మేమే ఫోన్ చేసి పిలుస్తాం. మా ఫోన్ రాలేదంటే హాయిగా నిద్రపోండి" అనేదాన్ని. జనం నవ్వేవారు, వరసలో నిలబడేవారు. మా గదిలో పడుకున్నవాళ్ళకీ అదే పాట పాడేదాన్ని కాబట్టి, ఆ మాటలు నిదానం నలభైసార్లు విని ఉంటాడు.

ఇకనుంచి చెప్పేది చాలావరకు నేను తరవాత తెలుసుకున్నది. జరిగిన వరసలోనే చెబుతాను.

వేరే ఊళ్ళో కొత్తగా కట్టిన అయిదంతస్తుల లాడ్జిలో లిఫ్టు పెట్టడానికి కంపెనీ అతన్ని ఇద్దరు ఫిట్టర్లతో పంపింది. పదిరోజుల పని. పదోరోజు, శనివారం, బరువులు పెట్టి లిఫ్టు నడిపి చూశారు, సరిగ్గా ఆగింది. ఆ సంతోషంలో ఇంకా రంగులు వెయ్యని ఒక గదిలో కూర్చుని తాగారు. ఫిట్టర్లకి తెలిసిన ఒకావిడ ఆ పక్క వీధిలో ఉండేది. వాళ్ళు వెళ్ళారు. అతనూ వెళ్ళాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి. జాగ్రత్త అన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు తిరుగు బస్సులో ఫిట్టరొకడు వెనక సీటులోంచి ముందుకి వంగి, "అన్నా, ఆవిడ దగ్గరికెళ్ళినోళ్ళు ఏడాది తిరక్కుండా చిక్కిపోతారంట. నువ్వు అసలే బక్కోడివి" అని పకపకా నవ్వాడు. వాడికేం తెలియదు. నోటి తీట కొద్దీ అన్నాడు. నిదానం కూడా నవ్వాడట. బస్సు దిగేసరికి ఆ నవ్వు పోయి, ఆ మాటొక్కటే మిగిలిందట.

ఇంటికెళ్ళి నడుంనొప్పి అని చెప్పి హాల్లో బల్ల మీద పడుకున్నాడు. తన కంచం, గ్లాసు తానే కడుక్కుని వేరే గూట్లో పెట్టుకున్నాడు. రేజరు కాగితంలో చుట్టి సంచీలో దాచాడు. చిన్నకూతురు మెడ పట్టుకుని వేలాడితే విదిలించేశాడు, ఆ పిల్ల బిత్తరపోయి ఏడ్చింది. హెచ్ఐవి గ్లాసుతో అంటుకోదు, ముట్టుకుంటే రాదు అని మా ఆసుపత్రి గోడలనిండా బొమ్మలేసి మరీ రాశారు. పదేళ్ళుగా ఆ గోడల మధ్యే తిరిగిన మనిషి అవేవీ చదవలేదు.

సోమవారం, అంటే రెండో రోజు, లిఫ్టు తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని కబురెళితే మా ఆసుపత్రికే వచ్చాడు. రెండో అంతస్తులో లిఫ్టుకి ఎదురుగా హెచ్ఐవి పరీక్షల గది. ఇలాంటి భయంతో మూడు రోజుల్లోపు ఎవరైనా వస్తే, ఇరవై ఎనిమిది రోజులు వాడడానికి మందిస్తారు, చాలావరకు జబ్బు రాకుండా ఆపుతుంది. ఆ మందు ఆ గదిలో బీరువాలోనే ఉంది. నిదానం ఆ తలుపు దాకా వెళ్ళాడు. బెంచీ మీద తన వీధివాడే ఒకడు కూర్చుని కనిపించాడు. ఆ వీధివాడికి నిదానాన్ని చూసి ఎంత సిగ్గేసిందో మరి, తల తిప్పుకున్నాడు. ఇతనూ తల తిప్పుకుని వచ్చేశాడు. లోపల అలాంటి మందు ఒకటుందని అతనికి తెలియదు. తెలుసుకోవాలంటే ఆ గుమ్మం దాటాలి కదా.

గురువారం మామూలుగా మా దగ్గరికొచ్చాడు. అయిదో రోజు. నీట్‌గా గడ్డం గీసుకున్నాడు, ముఖం మాత్రం పాలిపోయి ఉంది. ఏమిటలా ఉన్నావు అంటే నడుంనొప్పి అన్నాడు.

"అక్కా, ఆ ఫారం..." అన్నాడు.

"ఫారం సంగతి నాకొదిలెయ్. నువ్వు బూట్లు విప్పు" అన్నాను. గీతలు గీసేశాను. కిందికి జరిపి సంతకం పెట్టమన్నాను. కలం కాగితం మీద ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. ఇంకు రావట్లేదేమోనని ఇంకో కలం ఇచ్చాను. దాంతో పెట్టాడు. ఆరోజు ఫ్యాను గురించి ఏమీ అనలేదు. బిస్కట్ ప్యాకెట్ బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు. మర్చిపోయాడనుకుని నేను తినేశాను.

శుక్రవారమంతా ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాడట. నేను ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చేస్తాను? పరీక్షలో ఏమీ తేలలేదు, ప్యాకెట్ మీద వాడొచ్చని పచ్చ చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టేశారు.

శనివారం మళ్ళీ తలుపు మొరాయించింది. రెండో అంతస్తులో లిఫ్టు ఆపి, బటన్ల పెట్టె ఊడదీసి, స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా ఆ గది గోడ. గోడ మీద పోస్టరు. మందు కొట్టి తుడిచిన స్విచ్చులు ఆరేదాకా చెయ్యడానికి పనేమీ లేక మొదటిసారి దాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. కింద చిన్న అక్షరాల్లో ఉంది: జబ్బు సోకిన మొదటి కొన్ని వారాల్లో పరీక్షలో కనిపించకపోవచ్చు, కానీ రక్తం ద్వారా ఇతరులకు సోకుతుంది.

పన్నెండు గంటలప్పుడు మా కిటికీలోంచి తొంగిచూశాడు. "అక్కా, లిఫ్టులో ఏదో శబ్దమొస్తోంది. ఒక్కసారి వచ్చి విని చెప్తారా?" అన్నాడు. నాకేం తెలుసు లిఫ్టుల గురించి అనుకుంటూనే వెళ్ళాను. తలుపులు మూసుకున్నాయి, కదిలింది, ఒకటో అంతస్తు దాటగానే తాళంచెవి తిప్పాడు. లిఫ్టు ఆగిపోయింది. అద్దంలో ఇద్దరం కనపడుతున్నాం, పైన చిన్న ఫ్యాను తిరుగుతోంది.

"ఏంట్రా ఇది, ఎందుకాపావ్?"

"కింద చెప్పే చోటు లేదక్కా. అందరూ ఉంటారు." తాళంచెవి చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. "మొన్న నేనిచ్చింది ఎవరికీ ఎక్కించొద్దు. పారబొయ్యండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. లాడ్జి, ఆవిడ, బస్సులో ఫిట్టరు అన్న మాట, అన్నీ ఒకదాని తరవాత ఒకటి చెప్పాడు. నా వంక చూడకుండా, తలుపు కింద సందు చూస్తూ చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ కూతుళ్ళ వయసు పిల్లలకి ఎక్కిస్తార్రా ఆ రక్తం! పరీక్ష కావాలంటే రెండో అంతస్తులో గది లేదూ? నా దగ్గరికి చావడం ఎందుకు?"

"అక్కడ కూర్చుంటే అందరికీ తెలుస్తుంది. ఇక్కడైతే ఎవరికీ తెలీకుండా చూసి మీరే ఫోన్ చేస్తారు కదా. ఉంటే ఎలాగూ పారేస్తారనుకున్నాను." తరవాత మెల్లగా అన్నాడు. "అదీగాక మీరు అడుగుతారనుకున్నానక్కా. అడిగితే చెప్పేద్దామనే వచ్చాను. నా అంతట నాకు నోరు రాలేదు. మీరు గీసేశారు."

బయట ఎవరో తలుపు బాదుతున్నారు. "తిప్పు తాళం" అన్నాను.

పరుగున వెళ్ళి ఫ్రిజ్ తీశాను. పై అరలో ఎడమవైపు ఓ నెగటివ్ చోటు ఖాళీగా ఉంది. రిజిస్టరు తిప్పితే ఆరోజు ఉదయం ఆరింటికి మూడో అంతస్తు ప్రసూతి వార్డుకి ఇచ్చినట్టు రాసుంది. పైకి ఫోన్ చేశాను. "ఆ పేషెంటుకా? తొమ్మిదింటికే అయిపోయిందక్కా. ఇప్పుడు బాగుంది, కూర్చుంది కూడా" అని నర్సు సంతోషంగా చెప్పింది.

మా పెద్ద డాక్టరమ్మ అరిచే మనిషి కాదు. మొత్తం విని, మొదట రెండో అంతస్తు గదికి ఫోన్ చేసి మందు తెప్పించింది. పేషెంటుకి వెంటనే మొదలుపెట్టమంది. నిదానం దగ్గర కొత్తగా రక్తం తీయించి, "నీకైతే ఆ మందు వేళ దాటిపోయింది. సోమవారం వచ్చుంటే ఇచ్చేవాళ్ళం" అంది. సోమవారం నేను ఆ తలుపు దగ్గరే ఉన్నానండీ అన్నాడతను. తరవాత ఆవిడ ఫైలు తెప్పించి గురువారం నాటి ఫారం బయటికి తీసింది. పద్నాలుగు గీతలు, ఒకే వాలుగా, ఒకే వేగంతో. చూస్తేనే తెలిసిపోతుంది. కళ్ళద్దాలు తీసి నావైపు చూసి, "ప్రశ్నలన్నీ అడిగారా?" అంది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. జవాబు చెప్పడానికే పీల్చుకున్నాను, అది మాత్రం నిజం.

"అడిగారు డాక్టరుగారూ" అన్నాడు నిదానం. "తొమ్మిదోది కూడా అడిగారు. నేనే లేదని చెప్పాను."

డాక్టరమ్మ ఇంకా నావైపే చూస్తోంది. నేను తలూపాను. నాకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది, ఇంటిదగ్గర మంచంలో ఉన్న అత్తగారుంది, ఇవన్నీ అప్పుడు ఆలోచించానని చెప్పను. ఏమీ ఆలోచించలేదు. భయంతో తల దానంతటదే ఊగింది.

ఆ రక్తం ఎక్కించుకున్న బాలింతకి ఇరవై మూడేళ్ళు. జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. మొదటి కాన్పు, మగపిల్లాడు, రక్తం ఆగక చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని విషయం చెప్పింది. జబ్బు ఉందని కాదు, ఉండే వీలు కొంచెం ఉందని, అందుకే మందని, మూడు నెలల్లో మూడు పరీక్షలు చేస్తామని. బాలింత తల్లి గోడకానుకుని నిలబడిపోయింది. ఆ పిల్ల మాత్రం ఏడవలేదు.

"పాలివ్వచ్చా?" అంది.

"పరీక్షలయ్యేదాకా వద్దమ్మా."

అప్పటికే పాలొచ్చి జాకెట్టు తడిసిపోయింది. దుప్పటి పైకి లాక్కుంది. నన్ను చూసి, "ఇచ్చినాయన ఎలాంటోడండీ?" అని అడిగింది. పేరు చెప్పకూడదు కాబట్టి, "మంచివాడేనమ్మా, ఎప్పట్నించో ఇస్తున్నాడు" అన్నాను.

"మంచోడైతే ఎందుకిచ్చాడు?" అంది. నా దగ్గర జవాబుంది. అయినా చెప్పలేదు.

నిదానం ఆ సాయంత్రమే ఇంట్లో భార్యకి చెప్పేశాడు. ఆవిడ స్కూలు సంచులు కుట్టే షాపులో పనిచేస్తుంది, గట్టి మనిషి. అరవలేదట. మిషను ముందు కూర్చుని మూడు సంచులు కుట్టేసి, అప్పుడు లేచి, "హాల్లో పడుకో" అందట. ఆ బల్ల మీదే మూడు నెలలు పడుకున్నాడు. పిల్లలకి అది నడుంనొప్పే.

ఆ మూడు నెలలూ మనిషి ఉడికిపోయాడు. తిండి సయించక ప్యాంటు వదులైతే, అదిగో చిక్కిపోతున్నాను అనుకునేవాడు. నోట్లో పొక్కు, మెడ మీద దోమకాటు, రెండు దగ్గులు, ఏదొచ్చినా నాకే ఫోను. "అక్కా, చంకలో గడ్డలాగా ఉంది." చెమటకాయరా అనేదాన్ని. "నాలిక తెల్లగా ఉందక్కా." బ్రష్ చేసుకోరా అనేదాన్ని. మామూలుగా అయితే రెండో ఫోనుకే చీవాట్లు పెట్టే నేను, పదిసార్లు చేసినా ఓపిగ్గా మాట్లాడేదాన్ని. నా మంచితనం చూసి అతనికి ఇంకా భయమేసిందట. అక్క ఇంత నెమ్మదిగా మాట్లాడుతోందంటే నాకు ఖాయమే అనుకున్నాడట.

రెండు వారాలకి చేసిన పరీక్షలో ఇద్దరికీ ఏమీ లేదు. ఆరు వారాలకీ లేదు. ఇక దాదాపు భయం లేదంది డాక్టరమ్మ, కానీ మూడు నెలలు నిండితేనే ఫైలు మూస్తానంది.

ఆరు వారాల పరీక్షనాడు ఒకటి జరిగింది. నేను రెండో అంతస్తులో లిఫ్టు దిగేసరికి బెంచీ మీద నిదానం కూర్చునున్నాడు. అదే బెంచీకి ఆ చివర ఆ బాలింత, ఒళ్ళో పిల్లాడు, పక్కన పాలసీసా. వాళ్ళిద్దరికీ ఒకరెవరో ఒకరికి చెప్పలేదు మేము. లోపలినుంచి ఆ పిల్లని పిలిచారు. చుట్టూ చూసి, ఎవరూ లేక, "అన్నా, రెండు నిమిషాలు పట్టుకోరా? సీసా ఇస్తే ఏడవడు" అని పిల్లాణ్ణి అతని చేతుల్లో పెట్టి లోపలికెళ్ళింది.

నెలన్నర పిల్లాడు, సీసా, ఆ గది తలుపు. అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ పిల్లాణ్ణి ఒంటికి ఆనించుకోకుండా చేతులు ముందుకి చాపి పట్టుకున్నాడు. నేను దగ్గరికెళ్ళి తీసుకున్నాను. "సీసా ఎందుకక్కా?" అని అడిగాడు. తెలిసే అడిగాడు. లేచి మెట్లవైపు వెళ్ళిపోయాడు. అంతకుముందు పదేళ్ళలో అతను లిఫ్టు వదిలి ఆ మెట్లు దిగడం నేను చూడలేదు.

విచారణ కూడా జరిగింది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు, అతన్ని పిలిచారు, నన్ను పిలిచారు. అతను అదే మాట చెప్పాడు, నేను అదే తల ఊపాను. దాత అబద్ధం చెప్పినందువల్ల జరిగిందని రాసుకున్నారు. అతని పేరు దాతల జాబితాలోంచి కొట్టేశారు. మా ఆసుపత్రికి వేరే మెకానిక్‌ని పంపమని కంపెనీకి ఉత్తరం రాశారు. నాకూ ఒక ఉత్తరం వచ్చింది. విషయం తెలిసిన వెంటనే ఆలస్యం చెయ్యకుండా పైవాళ్ళకి తెలియజేసినందుకు అభినందిస్తూ. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఎన్నిసార్లు చింపేద్దామనుకున్నానో, చింపలేదు.

మూడు నెలలు నిండాయి. ఇద్దరికీ ఏమీ లేదు. బాలింత కాగితం తీసుకుని డాక్టరమ్మ చేతులు పట్టుకుని అప్పుడు ఏడ్చింది. పాలు ఎండిపోయాయి, ఇక రావు. అది తప్ప అన్నీ బాగున్నాయని చెప్పి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం నిదానం తన కాగితం తీసుకోవడానికి భార్యతో వచ్చాడు. కాగితం అతనికిచ్చి, "ఇక భయం లేదు, పో, ఇంటికెళ్ళి కడుపునిండా తిను" అన్నాను. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఒకప్పుడు బిస్కట్ ప్యాకెట్ పెట్టుకున్న జేబులోనే. ముఖంలో సంతోషం లేదు. అతని భార్య నా బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. రక్తమిచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీ అది.

"వదినా, మీతో ఒక మాట చెప్పి వెళ్దామని వచ్చాను" అంది. "ఎవత్తె దగ్గరికో వెళ్ళాడు. ఏడ్చాను, తిట్టాను, అదయిపోయింది. జబ్బు రాలేదు, అదీ అయిపోయింది. కానీ వదినా, మీరు ఎదురుగా కూర్చోబెట్టి ముఖం మీదే అడిగారంట. అడిగితే, లేదని చెప్పి, ఆ పురిటి పిల్లకి ఎక్కించుకోమని చెయ్యి చాపాడే, అది నావల్ల కావట్లేదు. భయపడి దాచుకున్నాడంటే సర్దుకునేదాన్ని. అడిగినా చెప్పని మనిషితో ఎలా బతకను? రేపు నా పిల్లల దగ్గర ఇంకేం దాస్తాడో. పిల్లల్ని తీసుకుని మా అక్క దగ్గరికెళ్ళిపోతున్నాను."

నేను అతనివైపు చూశాను. భార్య వెనక నిలబడి ఉన్నాడు. అతనికి ఒక్క మాట చాలు. నిజం చెబితే ఇల్లు నిలబడుతుందో లేదో నాకు తెలియదు, కానీ ఆవిడ వెళ్ళిపోతున్నది ఆ ఒక్క అబద్ధం వల్ల, ఆ అబద్ధం అతనిది కాదు. నా పెదవులు కదిలాయి.

"నిదానం, అక్కా" అన్నాడతను.

అంతే అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆవిడ నా ముఖంలోకి ఇంకాసేపు చూసి, "మిమ్మల్ని బాధపెట్టాను, ఏమీ అనుకోకండి వదినా" అని లేచింది. ఇద్దరూ బయటికెళ్ళారు. వరండాలో లిఫ్టు ముందు కొత్త మెకానిక్ ఏదో కొడుతున్నాడు, ఆ చప్పుడు చాలాసేపు వినపడింది.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆవిడా పిల్లలూ అక్కగారింట్లోనే ఉన్నారు. ఆదివారాలు అతను వెళ్ళి పిల్లల్ని వీధి చివర కలిసి వస్తాడని విన్నాను. నాకిప్పుడు ఫోన్ చెయ్యడు. నేను మాత్రం పద్నాలుగు ప్రశ్నలూ అడుగుతున్నాను. తెలిసినవాళ్ళని, బంధువుల్ని, చివరికి మా పెద్ద డాక్టరమ్మ రక్తమిస్తే ఆవిడ్నీ తొమ్మిదో ప్రశ్న అడిగాను. ఫారాలక్కకి చాదస్తం పట్టుకుందని నవ్వుకుంటున్నారు.

రేపు ఈ కాగితాలు తీసుకుని సంచుల షాపుకి వెళ్తున్నాను. ఆవిడ చదివాక డాక్టరమ్మకి ఇస్తాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో వాళ్ళిష్టం. మరదలా, ఆ ఫారం మీద పద్నాలుగు గీతలూ నావే. నీ మొగుడు నాకు అబద్ధం చెప్పలేదు. నేనతన్ని అడగనే లేదు.